మీటరు సున్నాకి రాదు

చీమకుర్తిలో మెట్ల కింద గోడకి
ఎనిమిది మీటర్లు.
రెండో తారీఖు పొద్దుగూకాక
చెవి మీద పెన్సిలు, చేతిలో టార్చి,
ఒక్కోదాని ముందు వంగి అంకె రాసుకుంటాను.
ఇరవై రెండేళ్ళు కాటా దగ్గర
రాళ్ళ లారీలు తూచినవాణ్ణి,
అంకె ముందు వంగడం నాకు కొత్త కాదు.

పుట్టి బుద్ధెరిగి కూనిరాగం తీయనివాణ్ణి
ఈ గదుల కోసం చీటీ పాట పాడాను,
రెండో నెల్లోనే, అరవై వేలు వదులుకుని.
కోటేశ్వరి నాంతాడు సొసైటీ బీరువాలో పడుకుంది.
మిగతా పద్దెనిమిది లక్షలూ బ్యాంకు.
మేనేజరు కాగితం మీద కూడి చూపించాడు:
ఎనిమిది గదులు, మూడేసి వేలు, ఇరవై నాలుగు.
వాయిదా పద్దెనిమిది వేల ఏడొందల తొంభై ఆరు.
పోను మిగులు, అని కింద రెండు గీతలు కొట్టాడు.
ఆ మిగులు ఇంతవరకు
కాగితం దిగి రాలేదు.
దారిలో కొంత నీళ్ళ ట్యాంకరు తాగింది,
కొంత సెప్టిక్ ట్యాంకు మింగింది,
మోటారు వైండింగు కాలి రెండుసార్లు పొగై పోయింది.

మీటర్లు చూస్తే మనుషులు తెలుస్తారు.
ఒకటో గది యూనిట్లు సగానికి పడ్డాయంటే
పెళ్ళాం బిడ్డల్ని రైలెక్కించాడన్నమాట.
నాలుగులో అర్ధరాత్రి తిరిగేది కుట్టుమిషను.
ఏడులో ముగ్గురమని చెప్పి ఆరుగురుంటారు,
ఫ్యాను ఆ గుట్టు దాచినా
బకెట్లో హీటరు దాచదు.

పైదేశాల ఆర్డర్లు ఆగిన ఏడు
ఫ్యాక్టరీల్లో రంపాలు ఆగాయి.
రెండు గదులకి తాళాలు పడ్డాయి.
వచ్చేది పద్దెనిమిది వేలు,
ఏడొందల తొంభై ఆరు నా జేబులోంచి.
చిన్న అంకే. నెలనెలా చెప్పులో రాయి.
వడ్డీకి కరెంటు కోత లేదు,
నేను పడుకున్నా తిరుగుతూనే ఉంటుంది.

ఆరో గదిలో బిద్యాధర్ సాహు,
ఒడిశావాడు, పాలిషు పని.
రెండు నెలలు బాకీ.
పైగా ఆ నెల అతని మీటరు నలభై యూనిట్లు ఎగబాకింది.
గుమ్మంలో నిలబడి అరిచాను:
అద్దెకి లేవుగానీ కరెంటుకున్నాయా?
తెల్లదుమ్ము పట్టిన రెప్పలు దించి
"ఆదివారం, బాబూ" అన్నాడు.
అతని తెలుగు అంతవరకే అనుకున్నాను.
తర్వాతి రెండో తారీఖుకి
తాళంచెవి మీటరు పెట్టె మీద ఉంది.

ఆ గదికి నేను వేయించింది
ఫ్యాక్టరీ వెనక పారేసిన గెలాక్సీ ముక్కలు,
అంచులు కలవనివి, అరికాళ్ళు గీరేవి,
బండి ఎనిమిదొందలకి.
తలుపు తీసి టార్చి వేస్తే
నేలలో నా ముఖం.
నల్లరాతిలో బంగారు నలుసులు
ఈ గోడ నుంచి ఆ గోడ దాకా.
గోరు పెట్టినా సందు దొరకదు.
మూలన ట్రంకు పెట్టె ఉన్నంత మేర
ఒక్క పలక గరుగ్గానే మిగిలింది.
చేతి గ్రైండరు, ఎన్ని ఆదివారాలో.
కాటావాణ్ణి కదా, లెక్క కట్టాను:
బాకీ కంటే బరువే తూగింది.

ఎక్కడని వెతకను, ఫోను పలకదు, అన్నాను.
బియ్యంలో రాళ్ళేరుతూ కోటేశ్వరి
"ఆధారు జిరాక్సు నీ దగ్గరే ఉందిగా" అంది,
తలెత్తకుండా.

శ్రావణంలో కొత్త జంట వచ్చింది.
లైటు వేసి ముందు నేల చూపించాను.
ఆ పిల్ల చెప్పులు బయటే విడిచి
నీళ్ళలోకి దిగినట్టు అడుగు పెట్టింది.
మూడు వేల మూడొందలు, అన్నాను.
బేరమాడలేదు.

మీటరు సున్నాకి రాదు.
నాలుగు వేల నూట పదిహేడు:
అతనికి చివరి అంకె, వీళ్ళకి మొదటిది.
నోటుబుక్కులో రెండు చోట్లా రాసి
పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాను.
జిరాక్సు ఆ పేజీలోనే ఉంది,
మడత విప్పలేదు.